వాచీ లెక్క, తమ్ముడి లెక్క

స్కిజోఫ్రెనియా, అంటే లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే మానసిక జబ్బు, ఉన్న మనిషి రాత్రి నిద్ర పట్టలేదంటే ఇంట్లో ఓ పట్టాన నమ్మరు. నిద్ర ఎలా ఉందని డాక్టరుగారు అడిగితే మా తమ్ముడు "అస్సలు పట్టట్లేదు సార్" అంటాడు, అమ్మేమో వెంటనే "రాత్రంతా గుర్రు పెడుతూనే ఉంటాడండీ" అని అందుకుంటుంది. చేతికి ఫిట్‌నెస్ వాచీ కడితే అదీ చాలా రాత్రులు ఏడెనిమిది గంటలు చూపించింది. ఇక అమ్మకి సాక్ష్యం దొరికినట్టే.

కానీ వాచీ చూసేది నిద్రని కాదు, ముఖ్యంగా చేతి కదలికని. కొన్ని వాచీలు గుండె వేగం కూడా చూస్తాయి, అయినా కదలకుండా పడుకున్న మనిషిని నిద్రపోయినట్టే రాసేసుకునే గుణం వాటికి ఉంది. రాత్రి ఈ జబ్బుకిచ్చే ఒలాంజపిన్ మాత్ర వేసుకుని, ఒళ్ళు బరువెక్కి, చెవిలో గొంతులు మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని అలాగే పడి ఉండేవాడికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? గట్టిగా తేలాలంటే పాలీసోమ్నోగ్రఫీ చేయాలి, అంటే తలకి, కళ్ళ పక్కన, గడ్డం కింద ఎలక్ట్రోడ్లు అంటించి రాత్రంతా రికార్డు చేయడం. మందులు వాడని స్కిజోఫ్రెనియా పేషెంట్లకి ఇలా చేసిన పరీక్షల్లో కూడా నిద్ర పట్టడం ఆలస్యమవుతోందనీ, పట్టినా మొత్తం నిద్ర తగ్గుతోందనీ తేలింది. గాఢనిద్రకి ముందు మెదడులో వచ్చే 'స్పిండిల్స్' అనే చిన్న తరంగాలు కూడా ఈ జబ్బులో తగ్గుతాయి. తమ్ముడి నీరసానికి కారణం అదేనని నేను అనను గానీ, గంటలు సరిపోయాయి కాబట్టి నిద్రా సరిపోయిందనడం మాత్రం అన్యాయం.

తేడా అటువైపు కూడా రావచ్చు, అంటే మనిషి బాగానే పడుకున్నానన్నా పరికరంలో లయ తప్పినట్టు కనిపించొచ్చు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 20 మంది స్కిజోఫ్రెనియా పేషెంట్లని, వాళ్ళలాగే ఉద్యోగం లేని 21 మంది ఆరోగ్యవంతులని వారాల తరబడి చేతి పరికరంతో గమనించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మందులతో జబ్బు నిలకడగా ఉన్నా, పేషెంట్లలో సగం మందికి పగలు రాత్రి లయ తీవ్రంగా తప్పింది. ఉద్యోగం లేని ఆరోగ్యవంతుల్లో అంత తేడా లేదు, కాబట్టి ఉద్యోగం లేకపోవడమే కారణమని కొట్టిపారేయలేం. తెల్లవారుజామున నాలుగింటికి పడుకుని మధ్యాహ్నం లేచేవాణ్ణి అడిగితే బాగానే పట్టిందంటాడు, అది అబద్ధం కాదు కదా! పరిశోధనల్లో ఎక్కువగా వాడే పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి అయితే గడిచిన నెల మొత్తం ఎలా పడుకున్నారో ఒకేసారి అడుగుతుంది, అంత గుర్తుపెట్టుకుని చెప్పడం మనకే కష్టం.

ఇప్పుడు అపాయింట్‌మెంటుకి వాచీ చార్టుతో పాటు తమ్ముడు పొద్దున్నే రాసే కాగితాలు కూడా తీసుకెళ్తున్నాం. వాటిలో ఎన్ని గంటలని అడగం. ఎప్పుడు పడుకున్నావు, లేచాక ఒళ్ళు ఎలా ఉంది, గొంతులు వినిపించాయా, అంతే. రెండూ కలవని రాత్రుల గురించే డాక్టరుగారితో ఎక్కువ మాట్లాడుతున్నాం, మాత్ర వేసుకునే టైము మార్చాలా, డోసు చూడాలా అన్నది ఆయన ఆ కాగితాలు ముందు పెట్టుకునే చెబుతున్నారు.