రేకుల గదిలో ఇన్సులిన్ సీసా

ఆసుపత్రి కేస్‌షీట్ మీద ‘ఇన్సులిన్ మానేశాడు’ అని రాశారు. నేను మానలేదు. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 14, ఒక్క పూటా తప్పలేదు. పని చేయనిది మందు. మే నెల, రాయలసీమ ఎండ, రేకుల గది, ఫ్రిజ్ లేదు, సీసా ఇనుప బీరువాలో. నేను వాడే తెల్లమందు అరచేతుల మధ్య దొర్లిస్తే పల్చటి పాలలా ఒక్కతీరుగా కలవాలి. నా సీసా గోడకి మంచు పట్టినట్టు తెల్లటి పలుకులు అంటుకున్నాయి. చూశాను గానీ అది చెడిన గుర్తని తెలియదు. నీళ్లలా ఉండే రకమైతే చెడినా చాలాసార్లు కంటికి ఆనదు. తిండీ డోసూ మారకుండానే షుగర్ 300 దాటి దిగనంటే సీసాని కూడా అనుమానించాలి.

రెండు రోజులు తీరని దాహం, మూడో రోజు వాంతులు, కడుపునొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగేది ఇక్కడే. కూర్చున్నచోటే పరుగెత్తినట్టు ఊపిరి లోతుగా వస్తున్నా, నోట్లో మగ్గిన పండు వాసన ఉన్నా అది కీటోన్ల పని, అంటే ఇన్సులిన్ అందక ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు. ఇక ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

క్యాజువాలిటీలో వైద్యానికి వంక పెట్టలేను. మొదటి గంటలో లీటరు సెలైన్ ఎక్కించారు. పొటాషియం రిపోర్టు చూశాకే ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టారు, ఎందుకంటే ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోసేస్తుంది. ముందే తక్కువగా ఉంటే గుండె లయ తప్పుతుంది. డ్రిప్ లెక్క కిలోకి గంటకి 0.1 యూనిట్, అంటే నా 60 కిలోలకి గంటకి 6.

ఆ రిపోర్టు కోసం రక్తం ట్యూబును ల్యాబుకి మోయాల్సింది మాత్రం పేషెంటు తాలూకు మనిషి. నాకు ఎవరూ లేరు. ట్యూబు ట్రేలోనే ఉండిపోతే చివరికి పక్క మంచం ఆమె కొడుకు పట్టుకెళ్లాడు. ఒంటరిగా వచ్చిన వాళ్లు ఆ సంగతి చేరేటప్పుడే సిస్టర్‌కి చెప్పాలి, చీటీ మీద రాయించుకోవాలి. సిగ్గుపడితే గంటలు పోతాయి.

షుగర్ 250 కిందికి వచ్చాక గ్లూకోజు సీసా పెట్టారు. ఆ కుర్రాడే ‘షుగర్ మనిషికి గ్లూకోజా!’ అని పైపు చక్రం తిప్పి ఆపబోయాడు. తప్పు వాడిది కాదు, ఎవరూ చెప్పలేదు. కీటోన్లు పోయేదాకా ఇన్సులిన్ సాగాలి, ఆలోపు షుగర్ మరీ పడిపోకుండా ఈ గ్లూకోజు.

రెండో రోజు ఒక సిస్టర్ అడిగింది: “అన్నా, సీసా ఎక్కడ పెడతావు? సిరంజి మూత ఏ రంగు?” అంతదాకా ఎవరూ అడగని ప్రశ్నలు. సీసా మీద 40 అని (మిల్లీలీటరుకి 40 యూనిట్లు) ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజమూత. 100 మందుని ఎర్రమూత సిరంజిలో అదే గీతదాకా లాగితే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. తిరగేసి 40 మందుని నారింజమూత సిరంజిలో లాగితే ఐదింట రెండు వంతులే అందుతుంది, మళ్లీ కీటోన్లు. నాది ఎర్రమూతే, సీసా మీదా 40 ఉంది. మిగిలింది ఎండ.

పూర్తిగా తగ్గకముందే సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లని చూశాను. గేదెలకి మేత వేసేవాళ్లు లేరు, పిల్ల ఒక్కతే ఉంది, కూలి పోతుంది. వాళ్లని తిట్టి లాభం లేదు. పిల్లని రెండు రాత్రులు ఎవరు చూస్తారో ఫోన్ చేసి తేల్చడమూ వైద్యంలో భాగమే. వెళ్లక తప్పదంటే డ్రిప్ తీయడానికి గంటో రెండు గంటలో ముందు చర్మం కింద ఇన్సులిన్ పడాలి. నరంలో ఇచ్చిన దాని బలం నిమిషాల్లోనే పోతుంది.

ఫ్రిజ్ లేకుండా సీసాని చల్లగా ఉంచే కుండ సంగతీ ఆ సిస్టరే చెప్పింది. పెద్ద మట్టికుండలో చిన్నకుండ, మధ్య సందులో తడి ఇసుక, పైన తడిగుడ్డ. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి చిన్నకుండలో ఉంచాలి. రోజుకి రెండుసార్లు ఇసుక మీద నీళ్లు పోయాలి. కుండని నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. మూలకి తోస్తే చల్లబడదు. పొడిగాలి ఉన్న సీమకీ తెలంగాణకీ ఇది బాగా సరిపోతుంది. కాకినాడ ఉక్కలో నీరు ఆవిరి కాదు కాబట్టి అంత చల్లదనం రాదు. తెరిచిన సీసా మీద తేదీ రాసుకుని నాలుగు వారాలకి పారేయాలి. తెరవని సీసాకి కుండ చాలదు, 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. నాది కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో, తలుపు అరలో ఉంటుంది. ఫ్రీజర్లో పెడితే గడ్డకట్టి అదీ చెడుతుంది.

డిశ్చార్జి కాగితం అడుగున ఆమె ‘ఇంట్లో ఫ్రిజ్ లేదు, కుండ’ అని రాసింది. కేస్‌షీట్‌లో ‘మానేశాడు’ మాత్రం అలాగే ఉంది.