బాబు జలుబు, నా చేత పెట్టించిన సంతకం

మా బాబుకు మూడున్నరేళ్లు. వేరే జబ్బేదీ లేని పిల్లవాడు. కావలిలో వాయుగుండం వానలు మొదలవగానే పడిశం పట్టింది. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ ఇచ్చాను, తగ్గింది. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు వేశాను. కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాస్తానని మా అత్తయ్య అంటే వద్దన్నాను. కర్పూరం పొరపాటున నోట్లోకి పోతే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. ఆమె అలిగారు. అలిగినా సరే అనుకున్నాను.

చీమిడి పచ్చబడగానే నిమ్ము చేసిందని ఇంటిల్లిపాదీ పట్టుబట్టి నెల్లూరు పంపారు. పొగతోటలో ఒక పిల్లల ఆసుపత్రి. అక్కడ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

డాక్టరు బాబు చొక్కా అయినా ఎత్తి చూడలేదు. చీమిడి రంగు విని యాంటీబయాటిక్, దగ్గు సిరప్, రక్తపరీక్ష, ఎక్స్‌రే రాసేశారు. "జలుబు వైరస్ వల్ల కదండీ, దానికి యాంటీబయాటిక్ పనిచేస్తుందా?" అని నెమ్మదిగానే అడిగాను. "ఫోనులో చదివొచ్చి నాకే పాఠం చెబుతావా? రేపేమన్నా అయితే ఎవరిది బాధ్యత?" అని, తలుపు తీసి ఉండగానే కేకలు వేశారు. హాల్లో కూర్చున్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. కౌంటరులో అమ్మాయి కాగితం ముందుకు తోసి, వైద్యం వద్దని నా ఇష్టంతోనే తీసుకెళ్తున్నట్టు రాసి సంతకం చేయమంది. జలుబు చేసిన బిడ్డకు! చంకలో వాడు నా భుజానికి ముక్కు తుడుచుకుంటున్నాడు. ఒక చేత్తో వాణ్ని పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టాను. "కన్నతల్లేనా?" అని వెనక ఎవరో అన్నారు. ప్రశ్న అడిగిన తల్లిని నలుగురిలో ఇలా దులిపేస్తే, రేపు నిజంగా ప్రమాదం వచ్చినా ఆమె నోరు విప్పుతుందా?

అప్పటికే మా ఆయన కింద షాపులో సిరప్ కొనేశారు. సీసా తిప్పి చూశాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అనే రెండు జలుబు మందులు కలిపింది. వాటి కింద చిన్న అక్షరాల్లో, నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని ఉంది. ఆ హెచ్చరిక ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, అయిదేళ్ల లోపు వారికి ఇలాంటి మందులు సాధారణంగా వద్దని కేంద్రం మళ్లీ చెప్పింది. అయినా రాస్తున్నారు, అమ్ముతున్నారు. సీసా వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకున్నాం.

మర్నాడు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీకి వరుస పెద్దది, అంతే. డాక్టరమ్మ బాబును నా ఒళ్లోనే ఉంచి, చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. మధ్యలో వాడు ఏడిస్తే ఆగి, ఊరుకున్నాక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. "ఈ వయసులో నిమిషానికి 40, ఆపైన ఉంటే ఆలోచించాలమ్మా. డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్లు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా అర్ధరాత్రయినా తీసుకురా. చీమిడి పచ్చబడటం జలుబులో మామూలే" అన్నారు. జలుబు తెచ్చే వాటిలో రైనోవైరస్‌లే 160కి పైగా రకాలట. అందుకే చిన్నపిల్లలకు ఏడాదికి 6 నుంచి 8 సార్లు వస్తుందని, అది బలం లేకపోవడం కాదని చెప్పారు. మా అత్తయ్య వినాల్సిన మాట అది.

మందులేమీ రాయలేదు. పడుకునే ముందు చెంచాడు తేనె ఇవ్వమన్నారు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించకూడదు. ముక్కు కారడం తగ్గాక కూడా దగ్గు కొన్నాళ్లు సాగింది. రెండు మూడు వారాలు ఉండొచ్చని ఆమె ముందే చెప్పారు కాబట్టి నేను కంగారు పడలేదు. ఒక్క చుక్క యాంటీబయాటిక్ లేకుండా మా వాడు లేచి తిరుగుతున్నాడు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

మీ చేత కూడా అలాంటి కాగితం మీద సంతకం చేయిస్తే ఫోటో తీసి దగ్గర ఉంచుకోండి. ఎక్స్‌రే రాస్తే ఎందుకో అడగండి, కేకలు వేసినా అడగండి. డాక్టరు చీటీ లేనిదే బడికి రానివ్వమంటే ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీయే చూపించాను. మారుమాట లేకుండా తీసుకున్నారు.