మా తడి చెత్త గ్యాసైన కథ

వార్డు ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు లిఫ్టు పక్కన నాలుగు రోజులు వేలాడింది. ఎవరూ చదవలేదు. ఐదో రోజు సెక్రటరీ గారు దాన్ని పీకి నా చేతిలో పెట్టి, "మీ పుట్టింట్లో గోబర్ గ్యాస్ ఉందన్నారుగా మేడమ్, మీరే చూడండి" అన్నారు. బెంగళూరు మార్తహళ్ళి దగ్గర 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. సగానికి సగం తెలుగువాళ్ళమే. మాట జారినందుకు అలా నా మెడకు చుట్టుకుంది.

నోటీసు సారాంశం ఒకటే: మీరు బల్క్ వేస్ట్ జనరేటర్లు, అంటే భారీగా చెత్త చేసేవాళ్ళు, మీ తడి చెత్త మీరే చూసుకోండి. అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల ప్రకారం రోజుకు సగటున 100 కిలోలు దాటితే ఆ లెక్కలోకి వస్తాం. "మనది అంత ఎక్కడుంటుంది?" అన్నారు మీటింగులో. పాత పేపర్లతని దగ్గర తక్కెడ తెచ్చి వారం రోజులు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. సగటున 128 కిలోలు తేలింది. అందులో తడిది 75.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే కంపోస్టుగానో బయోగ్యాస్‌గానో మార్చాలని ఆ నియమాల్లోనే ఉండేది. ఆ "వీలైనంత వరకు" పట్టుకుని మూడు మీటింగులు నడిచాయి. మూడో బ్లాకు లాయరు గారు "వీలు కాలేదని రాసిస్తే సరి" అన్నారు. ప్రయత్నమే చేయకుండా వీలు కాలేదని ఎలా రాస్తామండీ అన్నాను. నిజం చెప్పాలంటే గెలిచింది నా వాదన కాదు, చెత్త ఎత్తుకెళ్ళడానికి ప్రైవేటు వాళ్ళు నెలనెలా అడిగిన డబ్బు. కంపోస్టు ఒకసారి పెట్టి, పురుగులు లేచి మానేసినవాళ్ళం కాబట్టి గ్యాసే అనుకున్నాం.

సెక్రటరీ గారికి ఉత్సాహం వచ్చి, సిలిండర్లలో నింపి ఫ్లాట్లకు అమ్ముదామన్నారు. గ్యాస్‌ని ఒత్తిడితో సిలిండర్లలో నింపాలంటే నాగపూర్‌లో ఉండే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు కావాలని చెప్పాక కూర్చున్నారు. తక్కువ ఒత్తిడితో గొట్టం ద్వారా సెక్యూరిటీ వాళ్ళ వంటగదికి ఇవ్వడం వరకే మా ప్లాంటు.

ట్యాంకు పెట్టడం చిన్న పని. దానికి తోడు పెట్టడమే పెద్ద పని. అవును, పాలకు పెట్టినట్టే. వర్తూరులో పాలు పోసే గౌడ గారి కొట్టం నుంచి పేడ తెప్పించి, నీళ్ళలో కలిపి పోశాం. మొదట వచ్చిన గ్యాస్ అంటుకోలేదు. అందులో కార్బన్ డయాక్సైడే ఎక్కువట. మండే వాయువు మీథేన్, అది సగం దాటాకే మంట నిలుస్తుంది. ఐదో వారం ఒక సాయంత్రం నీలంగా చిన్న మంట వచ్చింది. కుళ్ళిన గుడ్డు వాసన కూడా వచ్చింది. ఇనుప రజను నింపిన గొట్టం గుండా పంపాక అది తగ్గింది.

రెండు నెలలు బాగా నడిచింది. తర్వాత మా దాంట్లోనే ఒకరి గృహప్రవేశం. మిగిలిన పులిహోర, పెరుగన్నం, పిండేసిన నిమ్మ డిప్పలు, మొత్తం రెండు డ్రమ్ములు ఒకేసారి ట్యాంకులో పోసేశారు. మర్నాటికి మంట లేదు. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచితే 7 దగ్గర ఉండాల్సింది 6 కన్నా కిందికి దిగింది. చుట్టూ పుల్లటి కంపు. ప్లాంటు అమ్మినవాళ్ళు ఫోను ఎత్తలేదు.

మార్కాపురంలో ఉన్న నాన్నకు చేశాను.

"ఏం పెట్టావమ్మా దానికి?"

చెప్పాను.

"గేదెకైనా అంత అన్నం పెడితే పొట్ట ఉబ్బి పడిపోద్ది. నాలుగు రోజులు పస్తుంచు. సున్నపు తేట కొంచెం కొంచెంగా పొయ్యి. మళ్ళీ పేడ కలుపు."

తర్వాత చదివితే తెలిసింది, ఆమ్లం చేసే బ్యాక్టీరియా చకచకా పనిచేస్తుందట, దాన్ని మీథేన్‌గా మార్చేవి నిదానమట. మొదటివాటికి విందు పెడితే రెండోవి ఆ పులుపుకు పని ఆపేస్తాయి. నాన్న ఇవేవీ చెప్పలేదు, పస్తుంచమన్నాడంతే. నాలుగు రోజులు కాదు, పన్నెండు రోజులు పట్టింది.

ఇప్పుడు డ్రమ్ము మీద కన్నడంలో "హసి కస" (తడి చెత్త) అని, దాని కింద తెలుగులో "నిమ్మ డిప్పలు వద్దు" అని రాసి ఉంటుంది. వంద కిలోల తడి చెత్తకు ఎనిమిది, పది ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఒక్కో ఘనపు మీటరు దాదాపు నాలుగు వందల గ్రాముల ఎల్‌పీజీకి సాటి. ఆ లెక్కన మా 75 కిలోలకు రోజుకు రెండున్నర కిలోల ఎల్‌పీజీ చొప్పున పడింది, సెక్యూరిటీ వాళ్ళ టిఫిన్లు, టీలు గడిచిపోతాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. తడి, పొడి, శానిటరీ, బ్యాటరీలూ మందుల్లాంటివి వేరే, మొత్తం నాలుగు డబ్బాలు. ఆ ప్రింటు నాకు తెచ్చిచ్చింది లాయరు గారే. నిండా ఎర్ర పెన్ను గీతలు. ఈసారి వారం తూకానికి తానూ గేటు దగ్గర నిలబడతానన్నారు.