అరగంట ట్రేలోనే ఉన్న బి12

మొన్న శుక్రవారం ఒంటిగంటన్నరకి ఓ ఆంటీ వచ్చారు, నెలనెలా వేయించుకునే బి12 ఇంజెక్షన్ కోసం. నరసరావుపేట వాళ్లు, ఇక్కడ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. నేను ఈ క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌ని. నేను ట్రే సర్దుతుంటే ఫ్రంట్ డెస్క్ అమ్మాయి వచ్చి చెప్పింది: డాక్టర్ గారు పిల్లాడిని స్కూల్ నుంచి తేవడానికి వెళ్లారట, అరగంటలో వస్తారట. పేషెంట్లని చూసి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్‌కి ఆ రోజు సెలవు.

"ఆర్డర్ రాసే ఉందిగా, ఇచ్చి పంపించేయ్" అంది మేనేజర్.

నేను ఇవ్వలేదు. మొండిదాన్ని అనుకుని ఉంటుంది.

కాలిఫోర్నియాలో మెడికల్ అసిస్టెంట్లకి రాష్ట్రం లైసెన్స్ ఇవ్వదు. 10 గంటలు నేర్చుకుని, ఒక్కో రకం ఇంజెక్షన్ కనీసం 10 సార్లు చేసి చూపిస్తే కండకీ, చర్మం కిందికీ సూది వెయ్యొచ్చు. నరంలోకి ఐవీ పెట్టకూడదు, మత్తు ఇంజెక్షన్ జోలికి పోకూడదు. వేసే ప్రతిసారీ డాక్టర్ ఆ క్లినిక్‌లోనే ఉండాలి. ఆయన రాసిచ్చి ఉంటే పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) గానీ, నర్స్ ప్రాక్టీషనర్ గానీ, నర్స్ మిడ్‌వైఫ్ గానీ ఉన్నా సరే. నా పక్కనే నిలబడక్కర్లేదు, పక్క గదిలో ఇంకో పేషెంట్‌ని చూస్తున్నా పర్లేదు. ఫోన్‌లో దొరికితే మాత్రం లెక్కలోకి రాదు. రిజిస్టర్డ్ నర్సు ఉన్నా రాదు. ఈ ముక్క మా మేనేజర్‌కి ఎన్నిసార్లు చెప్పానో.

"సూది గుచ్చేది నువ్వేగా అమ్మాయ్, ఆయనతో పనేంటి? మా ఊళ్లో కాంపౌండరే వేసేవాడు" అన్నారు ఆంటీ. నిజమే. తెనాలిలో మా వీధి ఆర్‌ఎంపీ గేటు దగ్గరే నాకు టెటనస్ వేసి, స్కూటరెక్కి వెళ్లిపోయాడు ఓసారి.

ఆవిడకి చెప్పలేదు గానీ, కొత్తలో నేనూ ఇచ్చేశాను. అది వేరే క్లినిక్. డాక్టర్ కాఫీకి వెళ్లారు, ఓ కాలేజీ కుర్రాడికి ఫ్లూ షాట్. ఆరడుగుల మనిషి. బ్యాండేజీ అంటిస్తుండగానే మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట, కుర్చీలోంచి మెల్లగా జారిపోయాడు. కింద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకున్నాను. కాసేపటికి కళ్లు తెరిచి "సారీ" అన్నాడు. సూదంటే భయంతో కళ్లు తిరిగాయంతే. కానీ అది భయమా, అలర్జీయా అని తేల్చాల్సిన మనిషి బిల్డింగ్‌లో లేడు. నేను తేల్చలేను, తేల్చే హక్కూ నాకు లేదు. అతని బూట్లు నా చేతుల్లో ఎంత బరువుగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది.

రెండూ ఐదుకి డాక్టర్ గారు వచ్చారు. వయల్ చూపించాను. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది ఆ మందు. పేరు, 1000 మైక్రోగ్రాములు, ఎక్స్‌పైరీ తేదీ చూసి తలూపారు. అప్పుడు వేసి, చార్టులో రాశాను.

ఆంటీ చీర కొంగు సర్దుకుంటూ లేచారు. "వచ్చే నెల ఆయన స్కూలుకెళ్లే టైం కాకుండా చూసి రాయి."

పదకొండింటికి రాశాను.