నిమ్మలకుంటలో తోలుబొమ్మల ఇంటిని కొలిచాం

తోలుబొమ్మను మ్యూజియంలో గాజు పెట్టెలో చూసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ బొమ్మ తయారైన ఇంటిని చూసినవాళ్లు తక్కువ. కడప నుంచి నేనూ మా మేనల్లుడూ నిమ్మలకుంటకు బయల్దేరింది ఆ ఇంటి కోసమే. మావాడు ఆర్కిటెక్చర్ చదివాడు. పాత కట్టడాలను లేజర్‌తో కొలిచి, కంప్యూటర్‌లో భద్రపరచడం అతని పని. ఇంతవరకు గుళ్లు, మండపాలు చేశాడు. "మనుషులు ఉంటూ, పని చేసుకుంటూ ఉన్న కళాకారుల ఇల్లు ఒకటి చేయాల మామా. ఖాళీ అయినాక పోతే గోడలే దొరుకుతాయి" అని చాలాకాలంగా అంటున్నాడు. తెలిసినవాళ్లు మాట్లాడిపెడితే ఒక కుటుంబం ఒప్పుకుంది.

ఈ పని మీద నాకు పట్టుదల రావడానికి మా ఊరే కారణం. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి, పాఠాలు సరిచూయించి, శుద్ధప్రతులు రాయించాడు. తెలుగు సాహిత్యానికి అదొక పనిశాల. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి కష్టపడటం వల్ల ఆ స్థలంలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం, పరిశోధన కేంద్రం వచ్చాయి. అది మా అదృష్టం. కానీ బంగళా మాత్రం అంతకు ముందే శిథిలమైపోయింది. పండితులు ఏ వరండాలో కూర్చునేవారు, వెలుతురు ఏ పక్క నుంచి పడేది, తాళపత్రాల కట్టలు ఎక్కడ పేర్చేవారు అని పిల్లలు అడిగితే చూపించడానికి నాకేమీ లేదు. దారిలో ఈ మాటే చెప్పుకుంటూ పోయాం.

వేంపల్లె, పులివెందుల దాటి కదిరి చేరేసరికి ఆకలైంది. ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడి నుంచి ముదిగుబ్బ మీదుగా ధర్మవరం. చెనక్కాయ పంట తీసేసిన ఎర్రచేలు రెండు పక్కలా ఖాళీగా ఉన్నాయి. ధర్మవరంలో ఆగలేదు గానీ, తలుపులు తెరిచిన ఇళ్లలో మగ్గాల చప్పుడు రోడ్డు దాకా వినపడింది. ఇక్కడ ఇల్లు వేరు, పనిచేసే చోటు వేరు కాదు. మగ్గం గుంత ఇంట్లోనే ఉంటుంది. కళాకారుడి స్టూడియో అనగానే నగరంలో విడిగా ఉండే పెద్ద గది గుర్తొస్తుంది గానీ, రాయలసీమలో స్టూడియో అంటే నడిమింటి చాప.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోనే ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఈ ఊరి పేరు దేశమంతా వినపడింది. ఇక్కడి బొమ్మలాట కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటాయి, తెర వెనక తెలుగులో పాడతాయి. మేం వెళ్లిన ఇంట్లో కూడా అంతే. మమ్మల్ని పలకరించింది తెలుగులో, మాకు నీళ్లు తెమ్మని కోడలికి చెప్పింది మరాఠీలో.

ఇంటి పెద్దాయన వయసు పైబడినా చూపు గట్టిది. ముందు గదిలో కిటికీకి ఎడమ పక్కన చాప, చాప మీద అరిగిపోయిన చెక్కదిమ్మె, దాని చుట్టూ రకరకాల ఉలులు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఎండబెడితే కాగితంలా పలచబడి వెలుతురును పోనిస్తుంది. దాని మీద గీత గీసి, ఉలితో కొట్టి చిల్లులు వేసి, రంగులద్ది, చేతులూ కాళ్లూ విడిగా చేసి దారంతో కీళ్లు కడతారు. రాముడైనా రావణుడైనా మనిషి ఎత్తు దాకా ఉంటాడు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎక్కువగా తయారయ్యేవి దీపాల మీద కప్పే తొడుగులు, గోడకు తగిలించే పటాలు. ఆటకు పిలిచేవాళ్లు తగ్గారు, ఇల్లు గడిపేది ఇవే. రంగులద్దడం, చిల్లులు కొట్టడం ఆడవాళ్లు కూడా చేస్తారు. కోడలు మాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతిలో సుత్తి ఆగలేదు.

మావాడు స్కానర్‌ను మూడుకాళ్ల స్టాండు మీద పెట్టాడు. అది తన చుట్టూ తాను తిరుగుతూ లేజర్ కిరణాలు వదులుతుంది. కిరణం గోడకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కవేస్తుంది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో వెలుతురు 30 సెంటీమీటర్లు పోతుందంటే, ఆ యంత్రం ఎంత చిన్న తేడాను పట్టుకోవాలో ఊహించుకోవచ్చు. అలా కొలిచిన లక్షల చుక్కలన్నీ కలిసి గది ఆకారం తేలుతుంది. దాన్నే పాయింట్ క్లౌడ్ అంటారు. తలుపు వెనక, పెట్టె వెనక యంత్రానికి కనపడని చోట్లు ఉంటాయి కాబట్టి స్టాండు జరిపి మళ్లీ మళ్లీ తీయాలి. ఆ తర్వాత ఫోటోలు. పక్కపక్క ఫోటోల్లో సగానికి పైగా, వీలైతే 60 నుంచి 80 శాతం దాకా, ఒకే భాగం పడేలా తీస్తే సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి రంగుతో సహా త్రీడీ రూపం కడుతుంది. ఇంత సరంజామా లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. 2020 నుంచి కొన్ని ఐఫోన్లలోనే లేజర్‌తో దూరం కొలిచే లైడార్ వస్తోంది. ఐదు మీటర్ల లోపు దూరానికి పనిచేస్తుంది, మన ఇళ్లలో గదికి అది చాలు. అంత కచ్చితంగా ఉండదు, కానీ ఏమీ లేకపోవడం కన్నా ఎంతో మేలు.

గది బాగా వచ్చింది. బొమ్మల దగ్గరే చిక్కు వచ్చిపడింది. గోడకు వేలాడదీసిన సీత బొమ్మ స్క్రీన్ మీద ముక్కలు ముక్కలుగా, చుట్టూ ధూళి పట్టినట్టు కనిపించింది. తోలు కొంతవరకు వెలుతురును పోనిస్తుంది, కిరణం పైపొర దగ్గరే ఆగకుండా కొంత లోపలికి పోయి చెదురుతుంది. పైగా ఒంటినిండా చిల్లులు. కిరణం సగం చిల్లు అంచుకు, సగం వెనక గోడకు తగిలితే యంత్రం రెంటికీ మధ్య గాలిలో లేని చుక్కను పెడుతుంది. మావాడికి టెన్షన్ మొదలైంది. సెట్టింగులు మారుస్తున్నాడు, లైటు అటూ ఇటూ జరుపుతున్నాడు. పెద్దాయన చాలాసేపు చూసి అన్నాడు: "ఏమప్పా, బొమ్మకు ముందర పెడ్తివి లైటు. మేము ఎప్పుడన్నా ముందర పెడ్తామా? వెనకాల పెట్టు."

ఆ మాటతో పని దారిలో పడింది. పొద్దుగూకాక పెరట్లో తెల్ల పంచె కట్టారు. పైభాగం కొంచెం ముందుకు వాలేలా కట్టి, బొమ్మలను ఈతముళ్లతో గుచ్చి నిలబెట్టారు. వెనక బల్బు. ఒకప్పుడు అక్కడ ఆముదం దీపాలుండేవి. తెరకు ఎదురుగా కెమెరా, పక్కన కొలబద్ద, రంగులు సరిగ్గా వచ్చాయో లేదో పోల్చుకోవడానికి రంగుల అట్ట. ప్రతి బొమ్మనూ వెనక వెలుతురులో ఒకసారి, ముందు వెలుతురులో ఒకసారి తీశాడు. పగలు గోధుమరంగు తోలులా ఉన్న సీత రాత్రి ఎర్రగా, ఆకుపచ్చగా వెలిగింది. లేపాక్షి గుడి పైకప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన చిత్రాల్లోని స్త్రీల కన్ను, జడ, చీర అంచు నాకు ఆ తెర మీద కనిపించాయి. ఈ చుట్టుపక్కల గీతలన్నీ ఒకదాన్నొకటి ఎరుగుననే నా నమ్మకం.

గదిలో వచ్చిన స్కాన్‌ను తెల్లారి చూస్తుంటే నాకు బొమ్మల కన్నా వాటి చుట్టూ ఉన్నవే ముఖ్యమనిపించాయి. చెక్కదిమ్మె మధ్యలో పడిన గుంట లోతు. మోకాలి దగ్గర నేల నున్నబడిన చోటు. ఉలులు చిన్నవి కుడిచేతికి దగ్గరగా, పెద్దవి దూరంగా. గోడకు మేకులు కూర్చున్న మనిషి చేయి చాచితే అందేంత ఎత్తులో. ఏ మ్యూజియంవాళ్లు వచ్చినా ఉలిని తీసుకుపోతారు, దిమ్మెను తీసుకుపోతారు. వాటి మధ్య ఉన్న జానెడు దూరాన్ని ఎవరూ తీసుకుపోరు. పని తెలివి ఆ దూరంలోనే ఉంది.

బయటి దేశాల్లో దీన్ని గట్టిగా పట్టించుకున్నారు. లండన్‌లోని రీస్ మ్యూస్‌లో ఫ్రాన్సిస్ బేకన్ అనే చిత్రకారుడు 1961 నుంచి 1992లో చనిపోయేదాకా ఒకే చిన్న గదిలో బొమ్మలు వేశాడు. ఆ గదిని 1998లో డబ్లిన్‌లోని హ్యూ లేన్ గ్యాలరీకి ఇచ్చారు. పురావస్తు తవ్వకాల్లో చేసినట్టు ఏ వస్తువు ఎక్కడ పడి ఉందో పటం గీసుకుని, ఏడు వేలకు పైగా వస్తువులను నమోదు చేసి, గోడలు, తలుపు, నేల, చివరికి దుమ్ముతో సహా తరలించి 2001లో జనానికి తెరిచారు. అమెరికాలో జాక్సన్ పొలాక్ పనిచేసిన కొట్టం నేల సంగతి ఇంకా నచ్చుతుంది నాకు. 1953లో ఆ నేల మీద పలకలు పరిచారు. ఆయన భార్య, తానూ చిత్రకారిణి అయిన లీ క్రాస్నర్ 1984లో చనిపోయాక, ఆ ఇంటిని మ్యూజియం చేసేటప్పుడు పలకలు తీస్తే, పొలాక్ ఒలికించిన రంగులు అలాగే ఉన్నాయి. నిమ్మలకుంట ఇంట్లో చాప పక్కకు జరిపితే నేల మీద ఎరుపు, నలుపు చుక్కలున్నాయి. వాటిని కూడా తీయమని నేనే అడిగాను. కోడలు సిగ్గుపడి తుడవబోతే ఆపాల్సి వచ్చింది.

అయితే బేకన్ గదిలా ఈ ఇంటిని ఎత్తుకుపోయి ఎక్కడో పెట్టాలని నేను కోరుకోను. ఇక్కడ మనుషులు బతుకుతున్నారు, రేపు గోడ కూల్చి ఇంకో గది వేసుకుంటారు, వేసుకోవాలి కూడా. ఈ రోజు ఎలా ఉందో కొలిచి పెట్టుకుంటే ఇంటివాళ్ల బతుక్కి అడ్డం రాకుండానే జ్ఞాపకం మిగులుతుంది. స్కాన్‌లో నాకు కనిపించే పెద్ద మేలు అదే.

వర్చువల్ టూర్ దగ్గర మాత్రం గట్టి చర్చే జరిగింది. 360 డిగ్రీల ఫోటోలు గుమ్మం దగ్గర ఒకటి, చాప దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి అని తీసి కలిపితే, ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ ఇల్లంతా తిరగొచ్చు. ఏ ఉలి మీద తాకినా దాని గురించి మాట వినపడేలా చేయొచ్చు. పెద్దాయన కొడుకు అంతా విని ఒకటే అడిగాడు: "అన్నా, ఇంత స్పష్టంగా మా బొమ్మ నెట్‌లో పెడితే ఎవరో ఒకరు మిషన్ మీద అచ్చు కొట్టి అమ్ముకోరా?"

న్యాయమైన ప్రశ్న. గీత ఆ కుటుంబం ఆస్తి. భద్రపరచడం పేరుతో ఆస్తిని నలుగురికీ పంచిపెట్టే హక్కు మాకు లేదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది: అసలు ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో కుటుంబం దగ్గర ఉంటాయి. రెండో కాపీ మావాడి దగ్గర ఉంటుంది, ఇంటివాళ్లు రాసివ్వకుండా ఎవరికీ ఇవ్వకూడదు. టూర్‌లో పెట్టే బొమ్మలు అచ్చుకు పనికిరానంత తక్కువ స్పష్టతలో ఉంటాయి. పైగా తేలిక ఫైళ్లయితేనే పల్లెలో మామూలు ఫోన్‌లో కూడా తెరుచుకుంటాయి. పాత బొమ్మల పెట్టె ఉన్న మూలను టూర్‌లో చూపకూడదన్నారు. అందులో వినాయకుడు అందరికన్నా పైన ఉంటాడు, ఆటకు ముందు పూజ చేయనిదే తెరవరు. మావాడు వెంటనే ఆ మూలను తీసేశాడు. ఇంటివాళ్లు వద్దన్న చోటు వద్దే, అందులో బేరం లేదు.

తిరుగు ప్రయాణంలో వేంపల్లె దగ్గర బండి చక్రాయపేట వైపు తిప్పమన్నాను. గండి ఆంజనేయస్వామిని చూసుకుని, ఆ మండలంలోనే ఉన్న సురభికి వెళ్లాం. 1885లో వనారస గోవిందరావు ఈ ఊళ్లో కీచకవధ ఆడించాడు. అక్కడి నుంచే సురభి నాటక సమాజం మొదలైంది. అంతకు ముందు ఆ కుటుంబాలదీ తోలుబొమ్మలాటే, వాళ్లదీ మరాఠీ మూలమే. తెర వెనక బొమ్మను ఆడించినవాళ్లు తెర ముందుకొచ్చి తామే వేషం కట్టారు. అంత పెద్ద మలుపు జరిగిన ఆ రాత్రి పందిరి ఎంత వెడల్పు, తెర ఎక్కడ కట్టారు, జనం ఎటు కూర్చున్నారు? కొలతలు ఎవరూ రాసిపెట్టలేదు. నిమ్మలకుంటలో మిగిలినవి ఇక్కడ మిగల్లేదు. ఊరి మధ్య నిలబడి ఆ మాట అనుకుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

స్కాన్‌కు చిక్కనివి ఇంకా ఉన్నాయి. తెర వెనక కాళ్ల కింద చెక్కలు వేసి తొక్కుతుంటే వచ్చే దడదడ, ఆటలో నవ్వించే పాత్రలైన బంగారక్కకు కేతిగాడు ఎదురుచెప్పేటప్పుడు మారే గొంతు, ఉలి మీద సుత్తి పడే వేగం. వీటికి శబ్దం, వీడియో కావాలి. టూర్‌లో మాటలు కోడలే చెబుతానంది. తెలుగులో ఒకసారి, ఇంటి మరాఠీలో ఒకసారి. తోలు శుభ్రం చేసే పని మేమున్నప్పుడు జరగలేదు. ఈసారి తోలు తెచ్చి నానబెట్టే ముందురోజు ఫోన్ చేస్తామని పెద్దాయన అన్నాడు. ఫోన్ రాగానే మావాడు మైకులు కూడా తీసుకుని వస్తాడు.