అర మైక్రోసెకన్ ఎక్కడ పోయింది

మంగళవారం రాత్రి, తార్నాక

మూడు రోజులుగా నిద్రపట్టనివ్వని ఆ అర మైక్రోసెకన్ ఇవాళ దొరికింది.

ఉక్కులో పగులు ఎంత లోతుందో శబ్దంతో కొలవడం, ఆ కొలతను కంప్యూటర్ లెక్కతో సరిచూడడం నా పని. ఉన్నది మామూలు ఉక్కు దిమ్మ. దాని అడుగున, పగులుకు బదులుగా పెట్టిన 4 మిల్లీమీటర్ల లోతు గాటు. పైనుంచి 45 డిగ్రీల ప్రోబ్ (శబ్దాన్ని ఏటవాలుగా పంపి, ప్రతిధ్వనిని పట్టేది) ఆనించి 5 మెగాహెర్ట్జ్ శబ్ద తరంగం పంపితే తెర మీద రెండు గుర్తులు లేస్తాయి. ముందుగా, గడ్డిపరకలా సన్నగా లేచేది గాటు కొస నుంచి. దాని వెనకే నిటారుగా లేచేది గాటు మొదలయ్యే మూల నుంచి. పెద్దది పగులు ఉందని చెబుతుంది. ఎంత లోతుందో చెప్పేది ఆ చిన్నదే. ఉక్కులో షియర్ తరంగం (తాను వెళ్లే దిశకు అడ్డంగా లోహాన్ని ఊపేది) వేగం సెకనుకు దాదాపు 3,230 మీటర్లు కాబట్టి, 4 మిల్లీమీటర్లకు, ఏటవాలు దారిలో రానూపోనూ, రెంటి మధ్య ఎడం 1.75 మైక్రోసెకన్లు రావాలి.

మొదట కిర్కాఫ్ పద్ధతిలో లెక్క వేశాను. పగులు ముఖం మీద ప్రతి బిందువూ అంతులేని గోడలో భాగంలా తరంగాన్ని తిప్పికొడుతుందని అందులో ఊహ. మూలకు బాగానే కుదిరింది. కానీ కొస దగ్గర గోడ అయిపోతుంది కదా, కొస గుర్తు ఎత్తు అక్కడే తప్పింది. అంచుల దగ్గర తరంగం ఎలా చెదురుతుందో 1962లో గణిత శాస్త్రవేత్త జోసెఫ్ కెల్లర్ వెలుగు కోసం రాసిన సిద్ధాంతం మా పనికీ పనికొస్తుంది. అదంటే నాకు ఎంత ఇష్టమో! అయినా గాటు ఆకారం వంకరైతే ఎలా అని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (దిమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి లెక్కవేసేది) పట్టుకున్నాను. అందులో రెండు గుర్తులూ కొలతకన్నా అర మైక్రోసెకన్ ఆలస్యంగా వచ్చాయి.

తప్పు కొలతలో ఉందేమోనని పొద్దున మళ్లీ ల్యాబ్‌కి వెళ్లాను. ప్రోబ్ కదుపుతుంటే గుర్తు సన్నబడి మాయమైంది. "జెల్ ఆరిపోయింది మేడం, జర పెట్టుండ్రి," అన్నాడు టెక్నీషియన్ అన్న. కాస్త రాయగానే గడ్డిపరక మళ్లీ లేచి నిలబడింది. ప్రోబ్‌కీ ఉక్కుకీ మధ్య వెంట్రుకంత గాలి పొర ఉన్నా శబ్దం లోపలికి దిగదు. కొలత మాత్రం పాతదే వచ్చింది.

తప్పు నా లెక్కలోని గళ్ల జాలీలోనే ఉంది. తరంగదైర్ఘ్యం 0.65 మిల్లీమీటర్లు, నేను పెట్టిన గడి 0.1. ఒక్కో అలకు ఆరున్నర గళ్లే! అంత ముతక జాలీలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది. దారి పొడుగునా ఆ కాస్తే పోగై అర మైక్రోసెకన్ అయింది. గడిని 0.04కి తగ్గించి, లెక్క నడుస్తుండగా టిఫిన్ తిని వచ్చాను. తిరిగొచ్చేసరికి గుర్తులు రెండూ కొలత మీద అచ్చంగా కూర్చున్నాయి. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రేపు నిజమైన ఫెటీగ్ పగులు (మళ్లీ మళ్లీ పడే ఒత్తిడికి పుట్టేది) ఉన్న ముక్క. దాని ముఖాలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి. ఒత్తుకున్నచోట శబ్దం కొంత దాటిపోతుంది, గుర్తు ఇంకా చిన్నదవుతుంది. జెల్ కొత్త డబ్బా తీసుకెళ్లాలి.