చిల్లున్న జెండా

మూడు నెలల పాటు నా బల్ల నిండా జెండాలే. భూమిని దాటి వెళ్ళి మనుషులు చంద్రుడి మీదో అంగారకుడి మీదో కాపురం పెడితే అక్కడ ఉండాల్సిన జెండా ఎలా ఉండాలో గీసి పంపమని ఒక పోటీ ప్రకటన చూశాను. ఏ దేశపు గుర్తూ వాడకూడదు. మూడు రంగులు మించకూడదు. కాగితం మీద బొమ్మ చాలదు, కుట్టిన నమూనా పంపాలి. నేను మచిలీపట్నంలో డ్రాయింగు టీచరును. తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది నాతో కలిశారు.

మా ఊళ్ళో జెండా గీయడానికి కూర్చుంటే పింగళి వెంకయ్యగారి పేరు తలవకుండా పని మొదలుకాదు. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు ఇదే కృష్ణా జిల్లాలో ఉంది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. 1916లోనే జాతీయ జెండా నమూనాలతో పుస్తకం వేశారు. అయిదేళ్ళ తర్వాత బెజవాడలో గాంధీగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా ఇచ్చారు. అప్పుడు కూడా పని పూర్తికాలేదు. రాట్నం చేరాలన్నారు, తెలుపు చేరాలన్నారు. పిల్లలకు ఈ కథ తెలుసు. అంతకాలం గీసిన మనిషి కూడా మళ్ళీ గీయవలసి వచ్చిందన్న సంగతి మాత్రం వాళ్ళు ఎప్పుడూ పట్టించుకోలేదు. అందుకే ఆ భాగాన్ని రెండుసార్లు చెప్పాను.

మొదటి వారం వచ్చిన బొమ్మలన్నిటిలోనూ రాకెట్టు ఉంది. వలయాలతో శనిగ్రహం, పావురం, కలిపిన చేతులు, చుట్టూ చుక్కలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వరండా చివర గోడకు అంటించి, రెండో చివర నిలబడి ఏం కనబడుతోందో చెప్పమన్నాను. రాకెట్టు పెన్సిలైంది. పావురం మబ్బు తునకైంది. తర్వాత, పది సెకన్లు చూసి, వెనక్కి తిరిగి గుర్తున్నంత గీయమన్నాను. ఒక్క బొమ్మా పూర్తిగా రాలేదు. మా వంశీ అన్నాడు, "ఇల్లు కట్టుకున్నవాళ్ళు గుమ్మానికి బండి బొమ్మ కట్టరు కదా టీచర్, తోరణం కడతారు." ఆ పూట రాకెట్లన్నీ తీసేశాం.

ఇంతకుముందు ఎవరెవరు ఏం గీశారో కూడా చూశాం. అమెరికాలో ఇల్లినాయిస్ రైతు జేమ్స్ క్యాడిల్ 1970లో భూమి జెండా తయారుచేశాడు. నల్లని గుడ్డ మీద పసుపుపచ్చని సూర్యుడి అంచు, మధ్యలో నీలి భూమి, పక్కన చిన్న తెల్లని చంద్రుడు. పాస్కల్ లీ అనే శాస్త్రవేత్త గీసిన అంగారకుడి జెండాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు పట్టీలు ఉంటాయి. ఎర్రని గ్రహం పచ్చబడి చివరికి నీళ్ళతో నిండుతుందన్న ఆశ అది. ఆ జెండా 1999లో డిస్కవరీ షటిల్‌లో అంతరిక్షానికి వెళ్ళొచ్చింది. రెండూ నాకు ఇష్టమే. అయితే మొదటిది ఎక్కడున్నామో చెబుతుంది, రెండోది ఆ నేల ఏమవుతుందో చెబుతుంది. ఇక్కడ మనుషులు ఉంటున్నారు, అన్నం వండుకుంటున్నారు అని చెప్పే జెండా నాకు కావాలి.

"జెండా పాతితే ఆ చోటు మనదైపోతుందా?" అని ఒక పిల్ల అడిగింది. ఆ ప్రశ్నతోనే సగం నమూనా తేలిపోయింది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి గానీ మరే గ్రహాన్ని గానీ ఏ దేశమూ తనదని చెప్పుకోవడానికి లేదు. అపోలో 11 జెండా విషయంలో కూడా, అది దేశగర్వానికి గుర్తే తప్ప ఆ నేల మీద హక్కు కాదని అమెరికా కాంగ్రెస్ 1969లో చట్టంలోనే రాసింది. కాబట్టి మా జెండాను నేలలో పాతకూడదని నిర్ణయించుకున్నాం. గుమ్మానికి కట్టాలి.

గుమ్మానికి కట్టడం గాలి చిక్కును కూడా తీర్చింది. చంద్రుడి మీద గాలి లేదు, జెండా ఎగరదు. అపోలో 11 వాళ్ళు నైలాను జెండా పై అంచును మడిచి కుట్టి, అందులో అడ్డంగా ఒక గొట్టం దూర్చి నిలబెట్టారు. వాహనం పైకి లేచినప్పుడు ఆ విసురుకు అది పడిపోవడం తాను చూశానని అందులో వెళ్ళిన వ్యోమగామి ఆల్డ్రిన్ చెప్పాడు. అపోలో 12లో ఆ అడ్డకర్ర సరిగ్గా బిగుసుకోక జెండా వాలిపోయింది. గాలి కోసం ఎదురుచూడని జెండా కావాలనుకున్నాం. అందుకని పైన కర్రతో, గుమ్మానికి వేలాడేలా నిలువుగా తీసుకున్నాం. చంద్రుడి మీద బరువు ఆరో వంతే అయినా గుడ్డ కిందికే వేలాడుతుంది.

రంగు దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. చంద్రుడి మీద పగలు కూడా ఆకాశం నలుపే, నేల బూడిద రంగు. అంగారకుడి మీద నేలా ఆకాశమూ రెండూ ధూళి రంగే. నలుపు వేస్తే అక్కడ కలిసిపోతుంది, కాషాయం వేస్తే ఇక్కడ కలిసిపోతుంది. రెండు చోట్లా నిలిచే రంగు వెతికి వెతికి నెమలికంఠం రంగు దగ్గర ఆగాం. దాని మీద ఇంటి కప్పులా తెల్లని విల్లువంపు. విల్లు కింద భూమి.

ఆ భూమిని ఎంత పెద్దగా గీయాలి? చంద్రుడి మీద నిలబడితే, మనకు చంద్రుడు కనిపించే దానికి దాదాపు నాలుగు రెట్ల వెడల్పుతో భూమి కనబడుతుంది. ఉదయించదు, అస్తమించదు, ఇంచుమించు ఒకే చోట ఉంటుంది. అంగారకుడి నుంచి చూస్తే సాయంకాలపు చుక్క. 2014లో క్యూరియాసిటీ రోవర్ తీసిన ఫొటోలో వెతికితే గానీ దొరకదు. పిల్లలు దీని మీద రెండు రోజులు పోట్లాడుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చంద్రుడి మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపే గాలి పొర లేదు. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ తీసిన ఫొటోల్లో అపోలో 12, 16, 17 జెండాల నీడలు ఇప్పటికీ పడుతున్నాయి. గుడ్డలైతే నిలబడ్డాయి. వాటి రంగులు వెలిసి తెల్లబడిపోయి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: రంగంతా పోతే ఏం మిగులుతుంది? వెనక బెంచీలోంచి నాగలక్ష్మి లేచి, "చిల్లు మిగులుతుంది టీచర్" అంది.

భూమిని గీయం, కత్తిరిస్తాం. అందులోంచి అక్కడి ఆకాశమే కనబడుతుంది. ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉంటుంది.

మా బడిలోని చరిత్ర మాస్టారు అభ్యంతరం చెప్పారు. 1989లో రుమేనియా జనం తమ జెండా మధ్యలోని ప్రభుత్వ చిహ్నాన్ని కత్తిరించి వీధుల్లోకి వచ్చారనీ, జెండాలో చిల్లంటే కోపానికి గుర్తనీ అన్నారు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. చివరికి నాకు తట్టింది ఇది: కోపంతో కోసిన చిల్లుకు అంచు ఉండదు. మన చిల్లుకు అంచు కట్టాలి, ఎవరో కూర్చుని ఓపికగా కుట్టారని దూరం నుంచే తెలియాలి.

మొదట ఒక ప్రింటింగు షాపులో వేయించాను. రంగు ఒకవైపే పట్టింది, నెమలికంఠం ఊదాగా దిగింది. వారం రోజులూ డబ్బూ పోయాయి. అప్పుడు దర్జీ పని చేసే మా మామయ్య దగ్గరికి వెళ్ళాను. బొమ్మ చూసి, "గుడ్డకు చిల్లు పడితే మూయించుకోవడానికి వస్తారు గానీ, పెట్టమని ఎవరూ రారమ్మాయీ" అన్నాడు. నేను కథంతా చెప్పాను. మారు మాట్లాడకుండా సుద్ద అందుకున్నాడు.

పదిహేను సెంటీమీటర్ల గుండ్రం. కత్తెర లోపలికి పోయినప్పుడు ఊపిరి బిగబట్టాను. మామయ్య అంచును లోపలికి మడిచి, చొక్కా బొత్తానికి కాజా వేసినట్టే, లావుపాటి తెల్ల దారంతో చేత్తో కుట్టుకుంటూ వచ్చాడు. ఒక్కో కుట్టుకూ దారాన్ని బొటనవేలితో నొక్కి ముడి బిగించాడు. రెండు సాయంత్రాలు పట్టింది. విల్లువంపును రెండు పొరల గుడ్డతో ఉబ్బెత్తుగా కుట్టాడు. రంగు వెలిసినా చేత్తో తడిమితే తెలుస్తుంది.

మా జెండా చివరి వడపోతలో ఆగిపోయింది. గుడ్డలో రంధ్రం ఉండటం జెండా పద్ధతి కాదని రాశారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పిల్లలు ఒక పూట ముఖాలు వేలాడేసుకున్నారు. ఆ మర్నాడు నాగలక్ష్మి నోటుపుస్తకంలో లెక్క చేసి తెచ్చింది. చంద్రుడి మీద ఈ జెండాకు నాలుగున్నర మీటర్ల దూరంలో నిలబడి చూస్తే, భూమి సరిగ్గా ఈ చిల్లు నిండా పడుతుంది. మన నేల మీద నిలబడి చంద్రుణ్ణి అలా చూడాలంటే పదహారున్నర మీటర్ల దూరం పోవాలి.

పున్నమి రోజు మేడ మూలన వెదురుబొంగు కట్టి, జెండాను బయటికి వేలాడదీశాం. చంద్రుడు తుమ్మచెట్లు దాటి పైకి వచ్చేదాకా ఆగాం. మామయ్య కూడా వచ్చాడు. ఆవరణలో టేపుతో కొలిచి ముగ్గుపిండితో గీత గీశాం. పిల్లలు ఒక్కొక్కరే గీత మీద నిలబడి ఒక కన్ను మూసుకున్నారు. పొట్టివాళ్ళు ముందుకీ వెనక్కీ జరిగారు. నాగలక్ష్మి వంతు వచ్చినప్పుడు అర అడుగు ఎడమకు జరిగి కదలకుండా నిలబడింది.

"నిండింది టీచర్" అంది. మామయ్య కళ్ళజోడు తుడుచుకుని ఆమె వెనక వరసలో నిలబడ్డాడు.